ధీమా సదస్సు

"ఖాళీ కుర్చీలు ఎత్తించెయ్యమ్మా. కెమెరాలో పడితే పరువు పోతుంది," అన్నాడు డైరెక్టర్.

"అవి ఎత్తిస్తే హాల్లో మనమే మిగిలేట్టున్నాం సార్," అంది ఆమె.

తమ ప్రాంతం మీద బయటి దేశాలకు నమ్మకం సడలకుండా సదస్సులు ఏర్పాటు చేయడం ఆమె ఉద్యోగం. ఈ ఏడాది ఇది మూడోది. మూడూ పరాయి దేశాల్లోనే. మా దగ్గరికి రండి అంటే అతిథులు ఏదో ఒక సాకు చెప్పి తప్పుకుంటున్నారు. ఇక్కడికి వచ్చిన కొద్దిమందీ వేదిక వైపు చూడకుండా ఫోన్లలో తలలు దూర్చారు.

ముందు వరుసలో బ్యాంకు ప్రతినిధి లేచి కోటు తొడుక్కున్నాడు. తమ ప్రాంతంలో ఇంకా మూతపడని విదేశీ బ్యాంకు అతనిదొక్కటే. అదీ పోతే జీతాలుండవు, బయటినుంచి మందులు రావు. ఆమె పరుగున ఎదురెళ్లింది.

"అయ్యా, ఇంకొక్క ఉపన్యాసం. విని వెళ్లండి."

"మీ జనమే మూటాముల్లె సర్దుకుంటున్నారట కదమ్మా. వాళ్లకే లేని నమ్మకం మాకెక్కణ్ణించి వస్తుంది?"

ఆమె గబగబా వేదికెక్కి మైకు అందుకుంది.

"మా తమ్ముడు ఎక్కడికీ వెళ్లలేదు," అంది. "వాడికో బేకరీ ఉంది. వీధి వీధంతా తాళాలు పడినా వాడు రోజూ పొయ్యి వెలిగిస్తాడు. కరెంటు పోతే కట్టెలు పెడతాడు. పొద్దున్నే వాడి షట్టరు చప్పుడు వినబడితే చాలు, జనం వచ్చి నిలబడతారు. మేం ఎప్పటికి బాగుపడతామో నాకూ తెలీదండీ. మావాడు తెరుస్తాడని మాత్రం వాళ్లకు తెలుసు. మీరూ తెరిచి ఉంచండి. అంతే అడుగుతున్నాను."

ఫోన్లు ఒక్కొక్కటే పక్కకు పోయాయి. బ్యాంకు ప్రతినిధి కోటుతోనే కూర్చుండిపోయాడు. చాలాసేపు గడ్డం నిమురుకుని, ఇంకో ఏడాది బ్యాంకు మూయబోమని మైకులోనే చెప్పాడు.

"గట్టెక్కించావు తల్లీ!" అన్నాడు డైరెక్టర్, చేతులు జోడించి.

ఆమె వరండాలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది.

"నీ గురించి అందరి ముందూ చెప్పేశాన్రా. ఏమనుకోకు."

"ఫోన్లో చూశామక్కా. భలే మాట్లాడావు! నీ మరదలైతే ఒకటే ఏడుపు. క్యూలో అందరికీ చూపించాం. చప్పట్లు కొట్టారు."

ఎన్నో నెలల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. "ఈ వేళప్పుడు కూడా బేకరీ ముందు క్యూ ఉందట్రా?"

అవతల ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది.

"బేకరీ ముందు కాదక్కా," అన్నాడు తమ్ముడు. "సరిహద్దు గేటు ముందు."