ఈ మనిషిని నమ్మొద్దు

ఆస్పత్రి కంప్యూటర్ల గదికి కొత్త అడ్మిన్ వచ్చి వారమైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చిన రోజు నుంచీ పాతవన్నీ ఒకటే దులుపుడు.

సర్వరు తాళాలన్నీ అడ్మిన్ చేతిలోనే ఉంటాయి. మిగతావాళ్ళకి ఎంత అవసరమో అంతే, తలా ఒకటో రెండో కమాండ్లు. ఆ జాబితా చూస్తుంటే చివర్లో ఒక వింత లైను కనిపించింది.

ఎవరో ఒకాయనకి ఒకే ఒక్క కమాండ్. ల్యాబ్ రిపోర్టుల ప్రింటరు మొరాయిస్తే మళ్ళీ నడిపించేది.

దాని పైన ఒక హెచ్చరిక: "ఈ మనిషిని నమ్మొద్దు. ఎంత బతిమాలినా ఇది తప్ప ఇంకేదీ ఇవ్వొద్దు."

"నమ్మకూడని మనిషికి ఇదొక్కటి మాత్రం ఎందుకట?" అనుకున్నాడు అడ్మిన్. జీతాల పట్టీలో వెతికితే అసలు ఆ పేరే లేదు.

లైను కొట్టేశాడు.

మర్నాడు పొద్దున పదింటికి అతని తెరమీద సర్వరు పంపిన ఫిర్యాదు వచ్చింది. ఆ మనిషే, ఆ కమాండే. అనుమతి లేదంటున్నా ఏడుసార్లు కొట్టాడు.

"దొరికాడు దొంగ!" అంటూ రెండేసి మెట్లు దిగుతూ రిపోర్టుల కౌంటరుకి పరిగెత్తాడు.

ఇస్త్రీ చొక్కాకి మెడదాకా బొత్తాలు పెట్టుకున్న ముసలాయన కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఎవరు మీరు? ఇక్కడేం పని?"

"ప్రింటరు ఆగింది బాబూ. నడిపిస్తాను."

"మీకు అనుమతి లేదు. లేవండి."

"ఉంది. ఒక్కటుంది." ముసలాయన కౌంటరులో అమ్మాయి వైపు తిరిగాడు. "నాకొక్కటుంది కదమ్మా?"

"సార్, ఆయనెవరో మీకు తెలీదు..." అందా అమ్మాయి.

"ఎవరైతే నాకేం? తాతగారికి కాలక్షేపం కావాలంటే పార్కుకి వెళ్ళమను."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ముసలాయన కుర్చీని జాగ్రత్తగా బల్లకిందికి జరిపి వెళ్ళిపోయాడు.

వారం గడిచినా మళ్ళీ ఫిర్యాదు రాలేదు. పీడా విరగడైందనుకున్నాడు అడ్మిన్.

ఎనిమిదో రోజున ఒకావిడ వచ్చి పాత గుర్తింపు కార్డొకటి అతని బల్లమీద పెట్టింది.

"మా నాన్నదండీ. కౌంటరు దగ్గర కూర్చునేవారే, ఆయన. ఇంక అక్కర్లేదు, ఇచ్చేద్దామని."

"ఏమైంది ఆయనకి?"

"మతిమరుపు జబ్బండీ. నా పేరు మర్చిపోయి ఏడాదైంది. ఆ ఒక్క కమాండే గుర్తుండేది. దానికోసమే పొద్దున్నే లేచి చొక్కా వేసుకునేవారు. నేనే రోజూ తీసుకొచ్చి దింపేదాన్ని."

అడ్మిన్ గబగబా జాబితా తెరిచాడు.

"తప్పు నాదేనమ్మా. ఇదిగో, మళ్ళీ ఇచ్చేస్తున్నాను. రేపే తీసుకురండి."

"లాభం లేదండీ. నిన్న ఇంట్లో కీబోర్డు ముందు పెడితే, 'ఇదేంటమ్మా?' అన్నారు."

చేతులు కాలాక ఇంక ఆకులెందుకు! సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా పాడు బుద్ధి ఊరుకుంటుందా, తప్పులో కాస్తయినా ఇంకొకరి నెత్తిన వెయ్యాలని చూసింది.

"ఇదిగో, ఇలా రాసినవాణ్ణి అనాలండీ. 'ఈ మనిషిని నమ్మొద్దు' అంటాడా?"

ఆవిడ తెరమీదికి వంగి చదివింది. పక్కనున్న తేదీ మీద వేలు పెట్టింది.

"రాసింది నాన్నేనండీ. ఈ సర్వరు పెట్టి, పాతికేళ్ళు మీ కుర్చీలో కూర్చున్నది ఆయనే... జబ్బని డాక్టరు చెప్పిన రోజునే, తాళాలన్నీ తన దగ్గర్నుంచి తనే లాగేసుకున్నారు."