బుజ్జిబాబు గారి ఏడో కప్పు

గోల్ఫ్ ఛాంపియన్ బుజ్జిబాబు గారికి కొత్తపేటలో సన్మానం అనగానే, ఆయన గెలిచిన టోర్నమెంట్ల వివరాలు సేకరించే పని నేనే అడిగి తీసుకున్నాను. కాలేజీలో తెలుగు చెప్పుకునేదానికి గోల్ఫెందుకని అందరూ నవ్వారు. పాత పేపర్లన్నీ తిరగేశాను.

సభలో ఒక్కో గెలుపూ మైకులో చదువుతుంటే చప్పట్లే చప్పట్లు. ఏడో కప్పు దగ్గర ఆగాను.

"ఈ హైదరాబాదు కప్పు మాత్రం ఆదివారం ఆఖరి ఆటలో చచ్చీచెడీ గెలిచేరంటండి?"

బుజ్జిబాబు గారికి రోషం వచ్చింది. మైకు లాక్కున్నారు.

"ఎవరు చెప్పేరండీ రాహేలు గారూ? ఆదివారం ఆటే లేదు! వాన దెబ్బకి శనివారమే ఆపేసేరు. అందరికంటే ముందున్నానని కప్పు నాకే ఇచ్చేసేరు. రాత్రికి రాత్రే కారేసుకొచ్చి, తెల్లారేసరికి మా అమ్మ చేతిలో పెట్టేను!"

మళ్ళీ చప్పట్లు. అవి ఆగేదాకా ఓపికపట్టాను.

"ఆయ్. ఆ తెల్లారే, చర్చి గంట కొట్టడానికి సైకిలు మీద వెళ్తున్న మా తమ్ముణ్ణి రావులపాలెం రోడ్డులో కారు గుద్ది చంపేసిందండీ. అది మీ కారేనని చూసినవాళ్ళు చెప్పేరు. ఆదివారం హైదరాబాదులో ఆడుతున్నానని మీరు పోలీసులకి చెప్పేరు."

ముందు వరసలో కూర్చున్న సీఐ గారు లేచి నిలబడ్డారు.

నేను పళ్ళెంలోని శాలువా తీసి, నా చేత్తోనే బుజ్జిబాబు గారి భుజాల మీద వేశాను.