బావగారి గేరుబాక్సు

"ఆ అయిదు గేర్ల డబ్బా బిగించావంటే నీ బండి ఆ గోదారి లంకలోనే పాతుకుపోద్దమ్మా," అన్నారు యేసురత్నం గారు, మెకానిక్ షెడ్డులో పుష్పలత కొని తెచ్చుకున్న గేరుబాక్సుని కాలితో తోస్తూ.

పుష్పలతకి ఒళ్ళు మండింది. కానీ ఏమంటుంది? ఆయన భర్తకి అన్నగారు, ఒకప్పుడు రెండు లారీలు తిప్పిన మనిషి. భర్త ఎబినేజర్ మస్కట్‌లో ఉన్నాడు కాబట్టి రాజోలులో ఆమె తుమ్మినా దగ్గినా ఆయన సలహా ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆ పాత ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కు మాత్రం ఆమెది. నడిపేదీ ఆమే.

"నువ్వు లంకలోంచి తెచ్చేది కొబ్బరి పీచు. దానికి బరువుండదు. ఇసకలో వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి. నా పాత లారీ గేరుబాక్సు పంపిస్తాను, అది బిగించుకో. నాలుగే గేర్లు, కానీ ఇనప ముద్ద."

"దాంతో రోడ్డెక్కితే ఇంజను గోలెట్టేస్తదండి బావగారూ. ఈ అయిదోది ఓవర్‌డ్రైవ్ గేరండి, పీచు మిల్లుదాకా హాయిగా పోవచ్చు. ఇసకలో లాగడానికి ట్రాన్స్‌ఫర్ కేసు వేరే ఉందండి. ముందు చక్రాలకి కూడా అదే బలం ఇస్తది."

"నాకు చెప్పకమ్మా. సోమవారం మొదటి లోడుతో నీ బండి ఆ లంక గట్టెక్కలేదనుకో, మిల్లువాళ్ళు పని ట్రాక్టర్ల వాళ్ళకి ఇచ్చేస్తారు. ఇంక బండి అమ్మేసి ఇంట్లో కూర్చోవడమే. తమ్ముడికి నేనే చెప్తాను."

బండి అమ్మడమన్న మాటకి పుష్పలత తాళంచెవి కొంగున ముడేసుకుంది.

మర్నాడు పొద్దున్నే బావగారి గేరుబాక్సు ఆటోలో దిగింది. మెకానిక్ మార్చేస్తాడేమోనని దానిమీద తెల్ల పెయింటుతో తన పేరు కూడా రాయించారు. పెద్దవాళ్ళు పంపింది వెనక్కి పంపితే ఆయనింక తమ్ముడింట్లో అన్నం మెతుకు ముట్టనట్టే. మెకానిక్ శివనాగరాజు బుర్ర గోక్కున్నాడు.

"ఏం చేద్దామండీ?"

పుష్పలత ఆ తెల్ల అక్షరాల వైపోసారి చూసి, మెల్లగా ఏదో చెప్పింది.

"ఆయ్," అన్నాడు శివనాగరాజు నవ్వాపుకుంటూ.

సాయంత్రం బావగారి ఫోను. "చేరిందా?"

"చేరిందండి. ఎంత శ్రమ పడ్డారండీ."

"మరి నేనంటే ఎవరనుకున్నావు."

సోమవారం లంక ఇసకలో జనం పోగయ్యారు. గట్టు కింద, ఆ పనికే పోటీకొచ్చిన వీరవెంకటరమణ ట్రాక్టరు అప్పటికే దిగబడి ఉంది. పీచు మోపులు నిండా ఎత్తుకుని పుష్పలత ట్రక్కు వచ్చింది. గట్టుమీద యేసురత్నం గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆమె ట్రాన్స్‌ఫర్ కేసు లివరుని కింది గేరులోకి లాగింది. బండి తాపీగా కదిలింది. సగం ఎక్కాక వెనక చక్రాలు ఓసారి గిర్రున తిరిగాయి. పుష్పలత యాక్సిలరేటరు వదల్లేదు. ముందు చక్రాలు ఇసకని పట్టాయి, వెనకవీ పట్టాయి, బండి గట్టెక్కేసింది. జనం ఈలలు వేశారు. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మా గేరుబాక్సండీ అది," అంటున్నారు యేసురత్నం గారు వీరవెంకటరమణతో.

రోడ్డెక్కగానే పుష్పలత అయిదో గేరు వేసింది. ఇంజను గొంతు తగ్గించుకుని సాఫీగా పరిగెత్తింది. వెనకాలే బయల్దేరిన బావగారి స్కూటరు ఎక్కడో ఆగిపోయినంత దూరమైపోయింది.

ఆయన మిల్లుకి చేరేసరికి మోపులు సగం దిగిపోయాయి. మిల్లు ఓనరు ఎదురొచ్చి, "ఈ ఏడాది లంక పీచంతా ఈ బండికేనండీ," అన్నాడు.

"ఎందుకు కాదూ," అన్నారు యేసురత్నం గారు మీసం దువ్వుకుంటూ. "నేనిచ్చిన గేరుబాక్సు. ఆ అయిదు గేర్ల డబ్బా అయితేనా, ఇంకా ఇసకలోనే ఉండేది. అవునా కాదా అమ్మా?"

పుష్పలత జవాబు చెప్పేలోగా ట్రక్కు మీదనుంచి కూలీ కేకేశాడు. "అమ్మగారండీ, మోపులన్నీ దింపేశామండి. అడుగున యేసురత్నం గారి పేరు రాసున్న ఇనప ముద్ద ఒకటుందండి, దాన్నీ దింపేయమంటారా?"

"వద్దండి, ఉండనియ్యండి," అంది పుష్పలత, బావగారి వైపు వినయంగా తిరిగి. "పీచుకి బరువుండదని వారే చెప్పేరు, వెనక చక్రాలు నిలబడ్డానికి వారే పంపించేరు."