కోకిల కూర్చున్న పూట

చుక్కి బాతుకి ఆకలితో కడుపు నకనకలాడుతోంది. మేతకి లేస్తే గుడ్లు చల్లబడిపోతాయి. ఇరుగుపొరుగువాళ్ళు వంతులవారీగా పొదగాలని నిరుడే చెరువు సభలో అడిగింది. సభ ఇంకా ఆలోచిస్తూనే ఉంది; ఇవాళ చుక్కి గూటి పక్క గట్టు మీదే కూడింది.

“మేం గుడ్లు ఇసకలో పూడ్చి వచ్చేస్తాం, మళ్ళీ అటు చూడం,” అన్నాడు తాబేలు పెద్ద. “ఇందులో కష్టమేమిటో నిదానంగా పరిశీలించాలి.”

“నేనైతే కాకి గూట్లో పెట్టేస్తాను. హాయి,” అంది కోకిల.

“నిజమే వదినా,” అంది చుక్కి వినయంగా. “ఆ పరిశీలనేదో నా గూట్లోనే కానివ్వండి. నువ్విలా కూర్చో, మెత్తగా ఉంటుంది.”

కోకిల దర్జాగా గుడ్ల మీద కూర్చుంది. చుక్కి మెల్లగా నీళ్ళలోకి జారుకుంది. సభ మధ్యలో లేవడం ఆ చెరువులో మర్యాద కాదు. తాబేలు ప్రసంగమా, తెమిలేది కాదు. చుక్కి కడుపునిండా తిని, నాలుగు మునకలేసి వచ్చేసరికి కోకిలకి కాళ్ళు తిమ్మిరెక్కాయి.

“పరిశీలన చాలు మామా,” అంటోంది కోకిల. “ఇప్పుడే వంతులు వేసెయ్. రేపు మాత్రం నేను తప్ప ఎవరైనా సరే.”