నలభై సెకన్లు

"ముల్లు ఎత్తకు నాయనా, ఇంకొంచెం ఉండనీ!"

మూల కుర్చీలోంచి ఓ పెద్దావిడ బతిమాలుతున్నా, బేసు బాబాయి రికార్డు మీంచి ముల్లు ఎత్తేశాడు.

స్పీకర్ల షాపు ఆయనది. ఆ పేరు వీధి పెట్టింది. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

ఎవరు కొనడానికొచ్చినా ఒకటే తంతు. స్పీకరు మీద గ్లాసుడు నీళ్లు పెడతాడు. పాత శాస్త్రీయ సంగీతం రికార్డు ఒకటి తిప్పుతాడు. మనిషంత ఎత్తుండే తంత్రీవాద్యం మీద ఎవరో ఒక్కరే వాయించింది. దాని అట్ట ఎప్పుడో పోయింది. తెల్ల కవరు మీద 'బేసు' అని తనే రాసుకున్నాడు.

రికార్డు మధ్యలో గుర్తు చూసుకుని ముల్లు దించితే చాలు, బేసు, అంటే లోతైన స్వరాలు, నేలలోంచి లేస్తాయి. గ్లాసులో నీళ్లు వణుకుతాయి. కొనేవాడు నోరు తెరుస్తాడు.

నలభై సెకన్లు. అంతే, ముల్లు పైకి.

"మిగతాదంతా నిద్రమందు. కస్టమరు చల్లారిపోతాడు," అంటాడు బాబాయి.

ప్రతి గురువారం వచ్చే ఆ పెద్దావిడ మాత్రం ఏమీ కొనదు. మూల కుర్చీలో కూర్చుంటుంది. ఎవరికోసమో రికార్డు మోగితే కళ్లు మూసుకుంటుంది. ముల్లు ఎత్తగానే ఉలిక్కిపడుతుంది.

"ఒక్కసారి చివరిదాకా పెట్టవూ?"

"చివర్లో ఏముంటుందమ్మా? ఎంత విన్నా గుయ్యిమనడమేగా!"

"ఉంది నాయనా. మా ఇంట్లోది విని విని అరిగిపోయింది. చివరికొచ్చేసరికి గరగర తప్ప ఏమీ లేదు."

"ఇంకోటి కొనుక్కోండి."

"ఎక్కడా దొరకట్లేదు. ఆ కంపెనీయే లేదు. పోనీ, దీన్ని నాకిచ్చెయ్యకూడదూ?"

"ఇంకా నయం! ఇదిచ్చేస్తే నా షాపుకి తాళం వేసుకోవాలి."

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. ఈలోపు కస్టమరొచ్చాడు. బాబాయి అటు తిరిగిపోయాడు.

ఓ గురువారం వాన వెలిశాక ఆవిడ లేచింది. గుమ్మంలో ఆగి రికార్డు వంక ఒకసారి చూసింది. ఆ చూపుకి బాబాయికి జాలేసింది.

"వచ్చే వారం పెందలాడే రండమ్మా. షట్టరు తీయగానే చివరిదాకా పెడతాను. ఒట్టు."

"నిజంగానా నాయనా?"

ఆ సంబరంలో గొడుగు మరచిపోయి వెళ్లింది.

మరుసటి గురువారం బాబాయి గంట ముందే షాపు తీశాడు. ఆవిడ రాలేదు. ఆపై వారమూ రాలేదు.

"ఒట్టు పెట్టించుకుని రాకపోవడమేమిటో!" అని విసుక్కున్నాడు.

మూడో గురువారం ఓ జంటకు రికార్డు వినిపిస్తుంటే, జుట్టు నెరిసిన మనిషొకాయన వచ్చాడు.

"మా అక్క గొడుగు ఇక్కడ మరచిపోయిందటండీ. గురువారాలు వచ్చేది."

"ఆవిడేరీ? చివరిదాకా వినాలని చంపుకు తినేవారు!"

"పోయిందండీ. పదిహేను రోజులైంది. మీ షాపుకే బయల్దేరి, చెప్పులేసుకుంటూ కూలబడిపోయింది."

బాబాయి ముల్లు సంగతి మరచి, లోపలి గదిలోకి వెళ్లాడు. గొడుగు పెట్టెల వెనకెక్కడో పడింది. దాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. కళ్లు మసకబారాయి.

బయట నలభై సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. ఆ షాపులో తొలిసారి రికార్డు చివరిదాకా సాగింది.

ఆయన వచ్చేసరికి ఆఖరి స్వరం సన్నగిల్లుతోంది. తర్వాత నిశ్శబ్దం. అందులోంచి ఓ పసివాడి గొంతు వినిపించింది.

"అమ్మా, ఇప్పుడు మాట్లాడొచ్చా?"

ఆ తమ్ముడు మూల కుర్చీలో చతికిలబడ్డాడు.

"మా మేనల్లుడండీ... ఏడో ఏడు రాకుండానే పోయాడు. వాడి గొంతు ఇంకెక్కడా మిగల్లేదు."

బాబాయి చెయ్యి అలవాటుగా ముల్లు మీదికి వెళ్లి, ఆగిపోయింది.

"మాట్లాడు నాయనా," అంటూ స్పీకర్లోంచి నవ్వింది వాయించినావిడ. అది ఇన్నాళ్లూ మూల కుర్చీలోంచి బతిమాలిన గొంతే.