ఉత్తరమే ఆధారం

సాయంత్రం ఐదింటికి నా పుస్తకం ప్రింటుకి వెళ్తోంది. ఒకరికి మించి భార్యలున్న సంగతి దాచుకుని కెనడాకి వచ్చిన పాతకాలపు మోర్మన్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాల చరిత్ర అది.

తన నాయనమ్మ గురించి నేను పంపిన పేజీ చదివి, మధ్యాహ్నం ఆల్బర్టా నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఆమె ఎవరికీ రెండో భార్య కాదంది.

ఆధారం ఉందని చెప్పి పెట్టేశాను. ఆమె రెండో భార్యేనని డేవిడ్‌సన్ గారంతటి చరిత్రకారుడు నాకు రాసిన ఉత్తరమే అది.

అయినా మనసు కుదుటపడక విండ్సర్‌లో ఉన్న ఆయనకే ఫోన్ చేశాను. "అంకుల్, ఆ రెండో భార్య సంగతి మీకెక్కడ దొరికింది?"

"ఉండమ్మా, నేను వివరాలు రాసిపెట్టుకున్న కార్డులు చూస్తా."

నాలుగూ యాభై అయింది.

"దొరికింది, హోప్. నేను నీకు రాయడానికి ముందేడు నువ్వు నాకు రాసిన ఉత్తరంలోంచి తీసుకున్నా."

ఆ ఉత్తరం నాకు గుర్తుంది. అందులో నేనేమీ చెప్పలేదు. "ఆవిడ రెండో భార్య అయ్యుంటుందా, అంకుల్?" అని అడిగాను.