కోరానికి ఐదో మనిషి

హక్కుల సంఘాల మీటింగుల్లో విన్నదంతా పైకి పంపే సర్కారు చెవిపెట్టె ఉండాలని చట్టం వచ్చి మూడేళ్లయింది. హనుమకొండ హక్కుల మిత్రమండలిలో తీర్మానం చెయ్యాలంటే ఐదుగురుండాలి. ఐదో మనిషి రాజమౌళి మాస్టారిని పోలీసులు పట్టుకుపోయారు. దాంతో ఆయన్ని విడుదల చెయ్యాలనే తీర్మానమే ఆగిపోయింది.

అధ్యక్షురాలు, లాయరు సుగుణవతికి చిర్రెత్తింది. "మూడేండ్లసంది ఒక్క మీటింగు ఎగ్గొట్టనిది ఈ పెట్టె ఒక్కటే. సభ్యత్వం రాయుండ్రి," అంది.

కోరం కుదిరింది, తీర్మానం నెగ్గింది. పెట్టె అలవాటు ప్రకారం హాజరైన ఐదుగురి పేర్లూ, తన పేరుతో సహా, నిజాయితీగా పైకి పంపింది.

అలాంటి తీర్మానం నేరం కనుక తెల్లారేసరికి ఐదు వారెంట్లు వచ్చాయి. ఎస్సై గోడమీది పెట్టెను కూడా ఊడబీకి వ్యానెక్కించాడు.

"అది మీ పెట్టేనాయె సారూ," అంది సుగుణవతి.

"లిస్టుల ఉన్నదమ్మా, నేనేం చెయ్యాలె," అన్నాడు.

వ్యాను గతుకులకు పెట్టె దొర్లుతుంటే ఆమె తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని ఎర్రలైటు వణుకుతోంది. కొత్తగా అరెస్టయిన వాళ్లందరికీ చెప్పే మాటే దానికీ చెప్పింది.

"భయపడకు బిడ్డా. ఎంత అడిగినా నోరు మాత్రం ఇప్పకు."